అటెనొలాలా, మెటోప్రొలాలా?

బీపీకి, గుండె దడకి డాక్టర్లు రాసే బీటా బ్లాకర్లలో ఈ రెండు పేర్లూ చాలా ఇళ్లలో తెలిసినవే. రెండూ ప్రధానంగా గుండె మీదే పనిచేస్తాయి. అడ్రినలిన్ ప్రభావాన్ని అడ్డుకుని నాడి వేగాన్ని తగ్గిస్తాయి.

అసలు తేడా అవి ఒంట్లోంచి బయటికి పోయే దారిలో ఉంది. అటెనొలాల్ కిడ్నీల ద్వారా పోతుంది. అందుకే కిడ్నీలు బలహీనపడ్డ పెద్దవాళ్లలో అది పేరుకుపోయి నాడి మరీ నెమ్మదించవచ్చు, మోతాదు తగ్గించాల్సి రావచ్చు. మెటోప్రొలాల్ సంగతి లివర్ చూసుకుంటుంది కాబట్టి ఆ ఇబ్బంది తక్కువ. కానీ అది మెదడులోకి తేలిగ్గా చేరుతుంది, కొందరికి పీడకలలు వస్తాయి.

గుండె పంపింగ్ తగ్గినవాళ్ల విషయంలో మాత్రం నాకు సందేహం లేదు, మెటోప్రొలాల్‌లో సక్సినేట్ అనే రకమే మేలు. 1999లో వెలువడిన మెరిట్-హెచ్‌ఎఫ్ అధ్యయనంలో అది మరణాలను 34 శాతం తగ్గించింది. అటెనొలాల్‌కు అంతటి రుజువు లేదు. మెటోప్రొలాల్‌లోనే టార్ట్రేట్ అనే రకం వేరు, దాన్ని సాధారణంగా రోజుకు రెండుసార్లు వేసుకోవాలి. మందుల షాపులో స్ట్రిప్ మీద ఏది ఉందో దయచేసి చదవండి.

ఆస్తమా ఉన్నా, షుగర్‌కి ఇన్సులిన్ వాడుతున్నా డాక్టరుకు ముందే చెప్పండి. షుగర్ పడిపోయినప్పుడు వచ్చే దడను ఇవి కప్పేస్తాయి, చెమటలు మాత్రం పడతాయి. ఏది వాడుతున్నా, బీపీ బాగుంది కదా అని ఒక్కసారిగా మానేయకండి.