గ్యాస్ గీజర్ పొగగొట్టం: జీఐ, అల్యూమినియం, స్టీలు మూడూ వాడి చూశాక

ఒడిశాలోని కోరాపుట్, సునాబెడ, సెమిలిగుడ వైపు చలికాలంలో గ్యాస్ గీజర్‌కి క్షణం తీరిక ఉండదు. ఇంటిల్లిపాదీ వరసగా స్నానాలు చేస్తారు. కొనేటప్పుడు నిమిషానికి ఎన్ని లీటర్లు, వారంటీ ఎన్నేళ్ళు అని అన్నీ అడుగుతాం, పొగగొట్టం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ‘ఏదో ఒకటి తగిలించండి’ అనేస్తాం. ఈ సమీక్ష ఆ ‘ఏదో ఒకటి’ గురించే.

ముందు ఒక లెక్క. కిలో ఎల్‌పీజీ కాలితే దాదాపు ఒకటిన్నర లీటర్ల నీరు ఆవిరిగా పుడుతుంది. అంటే 14.2 కిలోల బండ ఖాళీ అయ్యేసరికి 20 లీటర్లకు పైగా నీరు ఆ గొట్టంలోంచే పోవాలి. గొట్టం లోపలి వైపు సుమారు 50 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఆవిరి అక్కడే నీరై కారుతుంది. ఈ కొండ ఊళ్ళలో జనవరి తెల్లవారుజామున బయటి ముక్క మంచులా ఉంటుంది కాబట్టి కారక తప్పదు. పొగలోని కార్బన్ డయాక్సైడ్ కలిసి ఆ నీటికి పులుపెక్కుతుంది. గొట్టాన్ని తినేది మంట వేడి కాదు, ఈ పుల్లనీళ్ళు.

జీఐ అంటే జింకు పూత పూసిన ఇనుప రేకు. ఈ గొట్టం చవక, ఏ రేకుల షాపులోనైనా చుట్టి ఇస్తారు. మొదటి ఏడు వంక పెట్టడానికి ఉండదు. రెండో చలికాలానికి ఎల్బో (వంపు ముక్క) కింద, మడత కుట్టు వెంబడి తెల్లటి పొడి కనిపిస్తుంది. అది జింకు పోతున్న గుర్తు. ఆ తర్వాత ఎర్ర తుప్పు, పెచ్చులు. పెచ్చులు గీజర్‌లోకి రాలి దారి మూస్తే నీలం మంట పసుపుకి తిరుగుతుంది. అప్పటికి గొట్టం మార్చడం ఆలస్యమైనట్టే.

అల్యూమినియంలో రెండు రకాలున్నాయి. వంటింటి చిమ్నీకి వేసే, తీగ మీద పల్చటి రేకు చుట్టిన సాగే గొట్టం దీనికి పనికిరాదు. వేలితో నొక్కితే చొట్ట పడుతుంది, వంపులో కుంగి నీళ్ళు నిలుస్తాయి, సూది బెజ్జాలు పడతాయి. మందపాటి అల్యూమినియం నయం, తుప్పు పట్టదు. కానీ దానికో శత్రువుంది: బాత్రూం కడిగే యాసిడ్. దాని ఆవిరిని గీజర్ గాలితోపాటు లోపలికి లాక్కుంటే అందులోని క్లోరిన్ మంటలో పడి అల్యూమినియాన్ని గుంటలు గుంటలుగా కొరుకుతుంది. గీజర్ వెలుగుతుండగా యాసిడ్ పోయకూడదు. ఇక పీవీసీ పైపు మాటే వద్దు, 80 డిగ్రీలకే మెత్తబడి వంగిపోతుంది.

నిలిచేది స్టీలే. అయితే ‘ఎస్ఎస్’ (స్టెయిన్‌లెస్ స్టీల్) అనగానే నమ్మేయకండి. బజారులో దొరికే 202 రకంలో నికెల్ తక్కువ, కుట్టు దగ్గర తుప్పు తేలుతుంది. అయస్కాంతం పెట్టి చూసినా లాభం లేదు, 202కీ 304కీ రెండింటికీ అంటుకోదు. బిల్లు మీద 304 అని రాయించుకోవాలి. యాసిడ్, బ్లీచింగ్ ఎక్కువగా వాడే ఇంట్లో 316 మేలు, అందులో క్లోరిన్ కాటుని తట్టుకునే మాలిబ్డినం అనే లోహం ఉంటుంది. ఇక్కడ దొరక్కపోతే సాలూరు ఘాటు దిగి విశాఖ నుంచి తెచ్చుకున్నా దండగ కాదు.

బిగించడంలో తప్పు జరిగితే 316 కూడా కాపాడదు. గీజర్ మెడ (పైన పొగ బయటికి వచ్చే నోరు) ఎన్ని అంగుళాల వెడల్పుంటే గొట్టం కనీసం అంత ఉండాలి, రెడ్యూసర్ పెట్టి సన్నం చేయకూడదు. మెడ నుంచి తిన్నగా 2 అడుగులు పైకి లేచాకే మొదటి వంపు తిప్పాలి. ఒక 90 డిగ్రీల ఎల్బో కంటే రెండు 45లు మంచివి. అడ్డంగా పోయే ముక్క అడుగుకి పావు అంగుళం చొప్పున పైకి ఎక్కుతూ ఉండాలి. నిలువు జాయింట్లలో పై ముక్క కింది ముక్క లోపలికి దిగాలి, లేకపోతే కారిన నీరు గోడ మీదికి వస్తుంది. చెక్క దూలానికి 6 అంగుళాల ఎడం ఇవ్వాలి. చివర కప్పు కంటే 2 అడుగులు పైన, వాన పడకుండా టోపీతో ఉండాలి. కిటికీ కింద తెరవకండి.

పాత ఇంట్లో కట్టెల పొయ్యి ఇటుక చిమ్నీ ఉంటే గొట్టాన్ని నేరుగా అందులోకి వదలాలనిపిస్తుంది. వద్దు. అది గీజర్ పొగకి మరీ వెడల్పు. పొగ సగంలోనే చల్లబడి, నీరై, సున్నాన్ని నానబెడుతుంది. చిమ్నీ లోపల పైదాకా స్టీలు లైనర్ (లోపలి గొట్టం) దింపాల్సిందే, ముందు మసి దులిపించి మరీ.

అన్నీ అయ్యాక అగరుబత్తి పరీక్ష చేయండి. తలుపు, కిటికీ మూసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసి, గీజర్ 5 నిమిషాలు వెలిగించి, పొగ మెడ దగ్గర అగరుబత్తి పట్టుకోండి. పొగ లోపలికి లాగాలి. ముఖం మీదికి వస్తే ప్రాణం తీసే కార్బన్ మోనాక్సైడ్ కూడా అలాగే వస్తోందని అర్థం. దానికి వాసన ఉండదు, గ్యాస్ లీకుకి వచ్చే కంపులాంటిది ఏదీ హెచ్చరించదు. చాలాసార్లు దోషం గొట్టానిది కాదు, ఫ్యాన్‌ది. బయటికి పోవాల్సిన పొగని అదే వెనక్కి లాగుతుంది. గీజర్ వాడేటప్పుడు ఫ్యాన్ ఆపి, తలుపు కింద జాలీ పెట్టించాలి. అసలు గీజర్‌నే బాత్రూం బయట, గాలి ఆడే వసారాలో బిగిస్తే ఈ బెడద చాలావరకు ఉండదు.

ఈ పరీక్ష ఏటా దసరా తర్వాత మళ్ళీ చేయాలి. వేసవంతా ఖాళీగా ఉన్న గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. టోపీ కింద జాలీ వేయొచ్చు కానీ దోమతెర అంత సన్నది వేస్తే దుమ్ము పట్టి అదే మూసుకుపోతుంది.