తిరుపతి–హైదరాబాద్ విమానం: టికెట్ మీద గంట, ఇంటి నుంచి ఇంటికి ఐదు గంటలు

నా ఉద్యోగం తిరుపతిలో, అమ్మానాన్నలు సికింద్రాబాద్‌లో. అందుకే కొన్నేళ్లుగా రేణిగుంట–శంషాబాద్ విమానంలో తిరుగుతూనే ఉన్నాను. ఈ ప్రయాణం నాకు నచ్చింది. అయితే టికెట్ మీది సమయాన్ని నమ్మి పనులు పెట్టుకునేవారు ఇబ్బంది పడతారు.

రెండు విమానాశ్రయాల మధ్య సరళరేఖలో దూరం సుమారు 416 కిలోమీటర్లు. కడప, కర్నూలు మీదుగా రోడ్డున వెళ్తే 550 దాటుతుంది. గుంటూరు వైపు నుంచి చుట్టి వెళ్లే వందే భారత్‌కు దాదాపు 660 కిలోమీటర్లు, ఎనిమిది గంటలకు పైగా ప్రయాణం. విమానం గాల్లో ఉండేది పెద్దదైతే ముప్పావు గంట, రెక్కల ముందు పంకాలు తిరిగే చిన్న ఏటీఆర్ అయితే గంటకు కాస్త అటూ ఇటూ. టికెట్ మీద ఇంకాస్త ఎక్కువ ఉంటుంది. అక్కడ కదిలినప్పటి నుంచి ఇక్కడ ఆగేదాకా లెక్కగడతారు మరి. శంషాబాద్ రన్‌వే తూర్పు పడమరలుగా ఉంది, మనం వెళ్లేదేమో దక్షిణం నుంచి. గాలికి ఎదురుగా దిగాలి కాబట్టి గాలివాటాన్ని బట్టి కొన్నిసార్లు నగరం దాకా వచ్చి కూడా చుట్టు తిరగాల్సి వస్తుంది.

ఏటీఆర్ అంటే చాలామంది ముఖం చిట్లిస్తారు. నాకు మాత్రం అదే ఇష్టం. వరుసకు నాలుగే సీట్లు, నడుమ ఇరుక్కునే బాధ లేదు. వెనక తలుపుకే నాలుగైదు మెట్లుంటాయి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ సులువుగా ఎక్కుతుంది. చప్పుడు ఎక్కువే, మబ్బుల్లో కుదుపులూ ఎక్కువే. పై అరల్లో పెద్ద బ్యాగు పట్టదు.

హైదరాబాద్ వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ తీసుకోండి. ఏటీఆర్‌కు రెక్క పైన ఉంటుంది కనుక కింద నేలంతా కనిపిస్తుంది. ఆదిశేషుడి పడగ తిరుమల, నడుము అహోబిలం, తోక శ్రీశైలం అని పెద్దలు చెప్పే మాట ఆ కిటికీలోంచి చూస్తే అర్థమవుతుంది. శేషాచలం దాటాక కాసేపు మైదానం, మళ్లీ నల్లమల అడవి. సరళరేఖ గీస్తే శ్రీశైలం దగ్గరగానే పోతుంది. మబ్బు లేని రోజున కృష్ణ వెనక జలాలు కొండల సందుల్లోకి వేళ్లు చాచినట్టు కనిపిస్తాయి. ఎన్నిసార్లు చూసినా ఫోను పక్కన పెట్టేస్తాను.

ఇక అసలు లెక్క. ఊళ్లోంచి రేణిగుంట విమానాశ్రయానికి పదిహేను కిలోమీటర్లు. గంట ముందే కౌంటర్ మూసేస్తారు కాబట్టి ఇంకాస్త ముందే చేరాలి. శంషాబాద్‌లో దిగాక సామాను, ఆపై సికింద్రాబాద్‌కు గంటకు పైగా. పుష్పక్ బస్సు చవక, క్యాబ్ త్వరగా చేరుస్తుంది. అంతా కలిపితే ఐదు గంటలు.

సాయంత్రం విమానం మీద నాకు నమ్మకం పోయింది. ఒకే విమానం రోజంతా ఊళ్లు తిరుగుతుంది కాబట్టి ఉదయం ఎక్కడో జరిగిన ఆలస్యం సాయంత్రానికి మన నెత్తిన పడుతుంది. నేను ఎక్కువగా ఎక్కే సంస్థ దాన్ని ముందుగా చెప్పదు కూడా. మరునాడు ఆసుపత్రి పనో, పెళ్లో ఉంటే పొద్దుటి విమానమే తీసుకోండి.

తిరుపతిలో ఉండేవారికి, పెద్దవాళ్లను తీసుకెళ్లేవారికి ఇది తప్పక మంచిది. చిత్తూరు వాళ్లకు అంత గట్టిగా చెప్పలేను. రేణిగుంట చేరడానికే ఎనభై కిలోమీటర్లు పోవాలి. అంతకంటే వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ రైలెక్కి పడుకుంటే తెల్లారేసరికి కాచిగూడ.