పాత మాటా, పాత మనసా: జానపద ఫాంటసీకి ఏది మేలు?

రాజులూ మాంత్రికులూ ఉన్న కథలు రాసే మిత్రులు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది. "మా నాయిక మరీ ఇప్పటి అమ్మాయిలా ఉందంటున్నారు. సంభాషణలను గ్రాంథికంలోకి మార్చేస్తే సరిపోతుందా?" ఈ మధ్య నా నవల రెండో ప్రతి రాస్తుంటే నాకూ ఇదే చిక్కు ఎదురైంది. ఒక్కొక్కరికీ విడిగా జవాబు చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను.

దారులు ముఖ్యంగా రెండు. భాషను పాతగా ఉంచి ఆలోచనలను ఇప్పటివిగా రాయడం ఒకటి. భాషను మనదిగా ఉంచి ఆలోచనలను ఆ కాలానివిగా రాయడం మరొకటి. ఎక్కువమంది మొదటి దారి పడతారు, సులువు కనుక. "చేస్తాను" కొట్టేసి "చేసెదను" అని పెట్టగానే కోట గోడలు లేచినట్టే ఉంటుంది.

ఒకే సన్నివేశాన్ని రెండు విధాలా రాసి చూద్దాం. రాకుమారి పెళ్లి వద్దంటోంది.

"తండ్రీ! నా జీవితమును గూర్చిన నిర్ణయము నేనే గైకొందును. నా వ్యక్తిత్వమును గౌరవింపుడు!"

"వద్దు నాన్నా. ఈ పెళ్లితో సరిహద్దు కోట మన చేతికి వస్తుందని తెలుసు. కానీ అన్నయ్య తల తెగింది వాళ్ల అమ్మవారి గుడి ముందే. కోడలిగా వెళ్లి ఆ గుడిలో దీపం ఎలా పెట్టను?"

మొదటి రాకుమారికి ఎన్ని నగలు పెట్టినా "వ్యక్తిత్వము" అనే మాట కౌన్సెలింగ్ గదిలోంచే వచ్చింది. రెండో అమ్మాయి మన ఇంట్లో పిల్లలాగే మాట్లాడింది. ఆమెను ఆపుతున్నవి మాత్రం అన్న నెత్తురు, పరాయి ఇంటి దేవత, తండ్రికి కావలసిన కోట. తండ్రికి ఎదురు చెబుతూనే ఆమె ఆ లోకంలో నిలబడి ఉంది. నా మొగ్గు ఎటో ఈపాటికి తెలిసే ఉంటుంది.

అలాగని గ్రాంథికాన్ని తీసిపారేయను. శాపానికీ శపథానికీ ఆ బరువు కావాలి. మాంత్రికుడు వాడుక భాషలో శపిస్తే పక్కింటాయన గొణిగినట్టు ఉంటుంది. వంటశాలలోనూ అదే భాష నడిపితేనే ఇబ్బంది. పైగా పాతగా వినిపించేదంతా పాతది కాదు. కాకతీయుల కొలువును తలపించే కథలో ఖజానా, దర్బారు, సిపాయి అన్న మాటలు దర్జాగా తిరుగుతుంటాయి. అవి పారసీ వాడుక వెంట మనకు చేరినవి, అయినా ఎవరూ తప్పు పట్టరు. "ఒక్క నిమిషం ఆగు" అంటే మాత్రం ఉలిక్కిపడతారు. నిమిషమంటే రెప్పపాటు, సంస్కృతంలో ఎప్పటినుంచో ఉన్న మాట.

"ఆ రోజుల్లో ఆడవాళ్లు ఎదురు తిరగలేదా?" అని అడుగుతారు. తిరిగారు. రుద్రమదేవి 13వ శతాబ్దంలో ఓరుగల్లును ఏలింది. శాసనాలు ఆమెను రుద్రదేవ మహారాజు అన్నాయి. సింహాసనం మీద కూర్చోవడానికి మగ పేరు కావలసి వచ్చింది. ఆమె సామంతుడైన కాయస్థ అంబదేవుడు ఆమె మీద తిరగబడ్డాడు. ఆమె మరణాన్ని ప్రస్తావించే చందుపట్ల శాసనం 1289 నాటిది. అధికారం దక్కింది, ఆ కాలం దానికి మూల్యమూ వసూలు చేసింది.

నేను అన్నిటికన్నా ముందు చూసేది ఈ మూల్యాన్నే. పాత్ర తన కాలానికి నచ్చని మాట అన్న తర్వాత చుట్టూ ఉన్నవాళ్లు ఏం చేస్తున్నారు? నేను చదివే ప్రతుల్లో చాలాసార్లు సభంతా మౌనంగా తలదించుకుంటుంది, ఒక ముసలి మంత్రి కళ్లు తుడుచుకుంటాడు, రాజు మారిపోతాడు. నాకు కథ చెడేది అక్కడే. నాయిక ఒక్కతే ఇప్పటి మనిషైతే సర్దుకోవచ్చు, కొలువు కొలువంతా ఇప్పటి మనుషులైతే ఇక కోట ఎందుకు? పురోహితుడు ఆమె చేతి నీళ్లు ముట్టకూడదు, దాది తిట్టాలి, ఆమె తమ్ముడికి కుదిరిన సంబంధం తప్పిపోవాలి. అప్పుడు ఆమె భాష ఎంత కొత్తగా ఉన్నా నేను నమ్ముతాను.

ఇంగ్లీషు ఫాంటసీ రచయిత టోల్కీన్ కథల్లోని పొట్టి మనుషులు, హాబిట్లను చూడండి. వెయిస్ట్‌కోటు వేసుకుంటారు, గూట్లో గడియారం పెట్టుకుంటారు, వేళకు టీ తాగుతారు. వాళ్ల ఊరు ఇంచుమించు 1897 నాటి ఇంగ్లండ్ పల్లె అని ఆయనే ఒక ఉత్తరంలో రాశాడు. అయినా కథ చెడలేదు. ఆ కథలోని పాతకాలపు రాజ్యం గోండోర్ కొలువు వాళ్ల కోసం తన పద్ధతి మార్చుకోదు, వాళ్లే అక్కడ వింత మనుషులు. ఇప్పటి మనసున్న పాత్రలు పాత కొలువులో నడిచేది ఇలాంటిచోటే, కానీ అందుకు రెండు లోకాలు, రెండు మాటతీరులు రాయగలిగే చెయ్యి కావాలి.

వస్తువుల సంగతికి వస్తే, టోల్కీన్‌కూ పట్టింపు ఉండేది. 1937 నాటి ఆయన నవల "హాబిట్"లో ఉన్న టమాటాలు 1966 సవరణలో ఊరగాయగా మారాయి. బంగాళాదుంపలు, పొగాకు మాత్రం ఆయన లోకంలో అలాగే ఉండిపోయాయి. మన కథల్లో దొంగ మిరపకాయే. మిరప, టమాటా, వేరుశనగ, జీడిమామిడి, జామ, సీతాఫలం, అన్నీ అమెరికా ఖండాలవే. 1498లో పోర్చుగీసువాళ్లు వచ్చిన తర్వాతే అవి మన నేలకు చేరాయి. కల్పిత రాజ్యమైతే క్షమించవచ్చు. చరిత్ర పేరు పెట్టుకుంటే మాత్రం కారానికి మిరియాలే దిక్కు.

మిగిలిన దారులు రెండున్నాయి. ఇప్పటి మనిషిని పాత కాలంలోకి పంపడం ఒకటి, అమెరికా రచయిత మార్క్ ట్వైన్ 1889లోనే ఒక నవలలో చేశాడు. అందులో నాయకుడు కొత్తగా ఆలోచించడమే కథ కాబట్టి ఈ గొడవే లేదు. కావాలని నవ్వుకోసం కాలాలు కలపడం ఇంకొకటి, హాస్యం చేతనైనవాళ్లకు.

నా రెండో ప్రతిలో గ్రాంథికం మాంత్రికుడికీ శాసనాలకూ మిగిలింది. రాకుమారి "నాన్నా" అనే పిలుస్తోంది. సభ ఆమెను మెచ్చుకునే అధ్యాయం పూర్తిగా తీసేశాను. వంటశాలలో మిరపకాయలు పోయి మిరియాలు వచ్చాయి. "ఒక్క నిమిషం" మూడుచోట్ల ఉంది, మూడూ ఉంచాను.