ముప్ఫై ఏళ్లు దాటిన మియాటాతో నాలుగేళ్లు

నాలుగేళ్ల క్రితం డల్లాస్ శివారులో 1,18,000 మైళ్లు తిరిగిన 1992 నాటి మాజ్డా మియాటా అనే, మడిచే పైకప్పున్న రెండు సీట్ల చిన్న స్పోర్ట్స్ కారును 6,500 డాలర్లకు కొన్నాను. ఆ తరువాత దానిని మరో 22,000 మైళ్లు నడిపాను. విడిభాగాలకూ పనులకూ ఇప్పటివరకు సుమారు 5,000 డాలర్లు ఖర్చయ్యాయి. 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో తొలిసారి జనం ముందుకు వచ్చిన తరం ఇది. 1.6 లీటర్ల ఇంజను, 116 హార్స్‌పవర్, దాదాపు 960 కిలోల బరువు. ఈ అంకెలు చూసి పెదవి విరిచేవారు ఒక్కసారి మలుపుల దారిలో నడిపి చూడాలి.

ఈ బండిలో వయసు ముందుగా మీదపడింది రబ్బరుకు. ఆ సంగతి తెలియక మొదటి నెలలోనే 15 అంగుళాల చక్రాలు కొని బిగించాను. అరిగిపోయిన బుష్‌ల (చక్రాల కీళ్ల దగ్గర అదురు తగ్గించే రబ్బరు తొడుగుల) మీద అవి ప్రతి గతుకునూ నేరుగా నడుముకు చేర్చాయి. సస్పెన్షన్ బుష్‌లు, షాక్ అబ్జార్బర్లు మార్పించి, అలైన్‌మెంట్ చేయించి, తిరిగి 14 అంగుళాల చక్రాలకే వచ్చాక గానీ ఈ కారును జనం ఎందుకు మెచ్చుకుంటారో నాకు అర్థం కాలేదు. పాత టైర్ల మీద గాడులు లోతుగానే ఉన్నాయి కాబట్టి మొదట వాటి జోలికి పోలేదు. పక్కన ముద్రించిన నాలుగంకెల తేదీ చదివితే అవి పదకొండేళ్ల నాటివని తేలింది.

ఇంజనులో వాల్వులనూ పిస్టన్లనూ ఒకే లయలో నడిపే టైమింగ్ బెల్ట్ మార్చానని అమ్మినవాడు చెప్పాడు, బిల్లు మాత్రం చూపలేదు. 60,000 మైళ్లకొకసారి మార్చవలసిన భాగం కనుక ఆ మాట పక్కనపెట్టి బెల్టు, వాటర్ పంపు, ముందు వైపు ఆయిల్ సీళ్లు ఒకేసారి మార్చేశాను. ఈ 1.6 ఇంజనులో బెల్టు తెగినా వాల్వులు పిస్టన్లకు తగలవు కాబట్టి ఇంజను పాడవదు. అయినా హైవే మధ్యలో బండి ఆగిపోవడం ఎవరికీ సరదా కాదు. గోధుమ రంగుకు తిరిగిన ప్లాస్టిక్ తలతో ఉన్న రేడియేటర్‌ను కూడా అప్పుడే తీసేశాను. టెక్సస్ ఎండలో అది మరో వేసవి నిలిచేది కాదని నా అంచనా.

ఇంజను వెనుక నుంచి కారుతున్న నూనె కథ వేరు. ఒక వర్క్‌షాపువారు క్రాంక్ షాఫ్ట్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) వెనుక ఉన్న ఆయిల్ సీలు పోయిందనీ, గేరుబాక్సు దించాలనీ, 1,100 డాలర్లు అవుతుందనీ చెప్పారు. అంత సొమ్ము పెట్టడానికి మనసొప్పక నేనే టార్చిలైటు వేసి వెతికితే, తడి సిలిండర్ హెడ్ వెనుక ఉండే క్యామ్ యాంగిల్ సెన్సర్ (వాల్వులను నడిపే షాఫ్ట్ ఏ కోణంలో ఉందో కనిపెట్టే పరికరం) దగ్గర మొదలై కిందికి జారుతోంది. అక్కడి ఓ-రింగ్ (గుండ్రటి రబ్బరు సీలు) ఖరీదు ఐదు డాలర్ల లోపే. చేయి దూరని చోటు కావడంతో మోచేతులు గీసుకుపోయాయి గానీ కారడం ఆగిపోయింది.

ఉదయం స్టార్ట్ చేయగానే వినిపించే టకటక శబ్దానికి నేను చాలా భయపడ్డాను. విజయవాడ ఆటోనగర్‌లో ఏళ్ల తరబడి లారీల పని చేసిన మా నాన్నగారు ఫోనులోనే విని, "ముందు ఆయిల్ మార్చరా, తరువాత కంగారుపడుదువు గాని" అన్నారు. ఆయిల్ ఒత్తిడితో వాల్వుల సందును సరిచేసే హైడ్రాలిక్ లిఫ్టర్ల శబ్దమే అది. కొత్త ఆయిల్ పోసి, రెండు మూడు దూర ప్రయాణాలు చేశాక చాలావరకు తగ్గింది. చలి ఉదయాల్లో ఇప్పటికీ కొద్దిసేపు పలకరిస్తుంది.

ఏసీ విషయంలో తృప్తి సగమే. ఆనాటి కార్ల ఏసీల్లో చల్లదనానికి వాడిన ఆర్-12 వాయువు తయారీ అమెరికాలో 1995 చివరికే ఆగిపోయింది. అందువల్ల ఓ-రింగులు, తేమను పీల్చే డ్రయ్యర్ మార్చి, దాని బదులు వచ్చిన ఆర్-134ఎ వాయువు నింపించాను. రోడ్డు మీద బాగానే చల్లబరుస్తుంది గానీ ఆగస్టు మధ్యాహ్నం సిగ్నళ్ల దగ్గర చతికిలపడుతుంది.

పైకప్పు మీద పడిన వాన నీరు సీట్ల వెనుక ఉన్న కాలువల గుండా కారు కిందికి పోవాలి. ఆకులతో అవి పూడుకుంటే నీరు లోపలికి చేరుతుంది, తలుపు కింది రేకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. కొనేముందు ఒక సీసాడు నీళ్లు పోసి కింద ధార వస్తుందో లేదో చూడటం రంగు మెరుపు చూడటం కంటే ముఖ్యం. నా కారులో కుడి వైపు కాలువ మూసుకుపోయి ఉంది. అదృష్టవశాత్తు రేకు మాత్రం గట్టిగానే ఉంది.

అన్నిటికంటే తక్కువ ఖర్చుతో ఎక్కువ సంతోషమిచ్చిన పని గేరు రాడ్ కింద చిరిగిన రబ్బరు తొడుగులు, బుష్‌లు మార్చి అక్కడి నూనె కొత్తది పోయడం. అంతవరకు గంజిలో గరిటె తిప్పినట్టున్న గేరు, తాళం పడ్డట్టు స్పష్టంగా పడసాగింది. కన్సోల్ నుంచి వచ్చే వేడి కూడా తగ్గింది.

ఇంటికి ఇదొక్కటే కారుగా ఉండాలనుకునేవారికి మాత్రం నేను దీనిని సిఫారసు చేయను. 1992 నమూనాలో ఎయిర్‌బ్యాగ్ డ్రైవరుకే ఉంది, పక్క సీటుకు లేదు. ఎత్తైన పికప్ ట్రక్కుల పక్కన డెబ్బై మైళ్ల వేగంతో పోతుంటే వాటి డ్రైవర్లకు మనం కనిపిస్తున్నామా అన్న అనుమానం వదలదు. మా అమ్మాయిని ఇందులో ఇంకా ఎక్కించలేదు. పసుపెక్కిన వెనుక ప్లాస్టిక్ కిటికీని ఈ శీతాకాలంలో పైకప్పుతో సహా మార్చాలి. వాడిపోయిన ఎర్ర రంగు వంతు దాని తరువాతే.