ఫిరంగి, దాని సిబ్బంది: అతికించి రంగులేయాలా, విడివిడిగానా?

బల్లమీద ఆడే యుద్ధాల ఆట (వార్‌గేమింగ్) కోసం మనం రంగులేసే చిన్న లోహపు బొమ్మల్లో కాల్బలం విషయంలో ఎవరికీ పేచీ లేదు. బేస్ (బొమ్మలు నిలబడే పలక) మీద అతికించి రంగులేస్తాం, అయిపోతుంది. ఫిరంగి దగ్గరికి వచ్చేసరికి మన తిరుపతి, చిత్తూరు మిత్రులందరిదీ ఒకటే ప్రశ్న. ఫిరంగిని, మనుషులను ముందే బేస్ మీద అతికించి రంగులు మొదలుపెట్టాలా, లేక దేనికదే వేసి చివర్లో కలపాలా? ఇక్కడ ఎక్కువమంది చేస్తున్నవి మైసూరు యుద్ధాల సైన్యాలు. హైదర్ అలీ 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేట శిబిరంలోనే కాబట్టి ఆ మోజు సహజం. అందుకే ఆ కాలపు 28 మిల్లీమీటర్ల ఎత్తు బొమ్మలనే దృష్టిలో పెట్టుకుని చెబుతున్నాను.

ముందే అతికించే పద్ధతిని తీసిపారేయలేం. ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగు పూత) ఒక్క విడతలో అయిపోతుంది. అతుకు లోహానికి లోహం పట్టుకుంటుంది కాబట్టి గట్టిగా ఉంటుంది. గొట్టం తుడిచే కర్ర పట్టుకున్నవాడు సరిగ్గా మూతి పక్కన, చక్రానికి ముందు కుదురుకున్నాడా లేదా అన్నది మొదట్లోనే తేలిపోతుంది. వేసిన రంగు మీద జిగురు మరకలు పడతాయన్న టెన్షన్ ఉండదు.

కానీ నా లెక్కలో తేల్చేది వేరే విషయం. ఆట ఆడేటప్పుడు మన ఫిరంగిని మనం ఎటు నుంచి చూస్తాం? వెనక నుంచి, కాస్త పైనుంచి. అంటే నేలకు ఆనే వెనక దిమ్మ, చక్రాల లోపలి వైపు, మనుషుల వీపుల మీద పట్టీలు, వాళ్ల కాళ్ల మధ్య సందులు ఆట సాగినంతసేపూ మన కళ్లెదుటే ఉంటాయి. అతికించాక కుంచె చేరనిది సరిగ్గా అక్కడికే. "కనపడని చోట రంగెందుకు" అనే మాట కాల్బలానికి సరిపోతుందేమో గానీ ఫిరంగికి సరిపోదు.

ఒక్క మనిషినే తీసుకోండి. గొట్టం వెనక భాగంలో పైన నిప్పంటించే చిన్న రంధ్రం ఉంటుంది. గొట్టం తుడిచేటప్పుడు ఒకడు దాన్ని బొటనవేలితో మూసిపెట్టాలి. అక్కడ గాలి ఆడితే లోపల మిగిలిన నిప్పురవ్వ రాజుకుని, తర్వాత దూర్చే మందుగుండు అంటుకోవచ్చు. ఆ బొమ్మ ఈస్టిండియా కంపెనీ సైన్యానిదైతే ముదురు నీలం కోటు, ఎర్రటి మణికట్టు పట్టీ, కింద కంచు గొట్టం. నీలం, ఎరుపు, చర్మం రంగు, కంచు నాలుగూ గోరంత చోటులో కలుస్తాయి. చెయ్యి గొట్టానికి అతుక్కుని ఉంటే ఆ నాలుగింటి మధ్య శుభ్రమైన గీత రాదు. చెయ్యి విడిగా ఉంటే గొట్టానికి ముందు ముదురు గోధుమ, తర్వాత ఇత్తడి రంగు, దానిమీద గోధుమ వాష్ (సందుల్లోకి జారే నీళ్ల రంగు) పల్చగా, తీరిగ్గా వేసుకోవచ్చు. పై అంచున మాత్రం మెరుపు, మూతి దగ్గర మసి. చక్రాల ఆకులు కూడా అంతే, నాలుగు వైపులా కుంచె తిరుగుతుంది.

మన ఎండ కూడా విడి పద్ధతి వైపే. ఏప్రిల్, మే నెలల్లో వేళ్ల చెమటకు వేసిన రంగు చెరిగిపోతుంది. బొమ్మను పుల్లకో సీసా మూతకో అంటించి పట్టుకుంటే దానిమీద చెయ్యే పడదు. అక్రిలిక్ కుంచె మొనలోనే ఎండిపోతుంటే టిఫిన్ బాక్సు మూతలో తడిపిన టిష్యూ పరిచి, పైన బటర్ పేపర్ వేసి, దానిమీద రంగు కలుపుకోండి.

దీనికీ చిక్కులున్నాయి. ప్రైమర్‌కు ముందే బ్లూటాక్‌ (మళ్లీ ఊడదీయగలిగే జిగురు ముద్ద)తో అన్నిటినీ బేస్ మీద నిలబెట్టి చూసి, పాదాలు ఎక్కడ ఆనాలో పెన్సిల్‌తో గుర్తు పెట్టుకోవాలి. అతికే చోట రంగు గీకేయాలి, లేకపోతే జిగురు పట్టుకునేది రంగును, లోహాన్ని కాదు. ఇక నవంబరు వానల్లో సూపర్ గ్లూ చుట్టూ తెల్లటి పొర కడుతుంది. సూది మొనంత జిగురు చాలు, ఫ్యాన్ గాలి ఆడనివ్వండి. ఆ రోజుల్లో స్ప్రే వార్నిష్ కూడా మసకబారుతుంది, కుంచెతో వేసేదే మేలు.

6, 10 మిల్లీమీటర్ల బొమ్మలకు ఈ చర్చే అక్కర్లేదు, అతికించి వేసేయండి. రంగులేసినవి కొనుక్కునేవాళ్లకు నేను చెప్పగలిగిందేమీ లేదు. ఫిరంగిని లాగే ఎద్దుల జతలను మాత్రం కలిపి అతికించాకే వేస్తాను. అమృత మహల్ జాతి బూడిద రంగు ఒళ్లు, మెడ దగ్గర ముదురు ఛాయ, మధ్య సందు చీకటిగా ఉన్నా నష్టం లేదు.

విడిగా వేసిన ఫిరంగిని కలిపేటప్పుడు బేస్ మీద ఇసుక పని ముందే ముగించి, చక్రాల కింద, పాదాల కింద చోటు వదలండి. మొదట ఫిరంగి, తర్వాత రంధ్రం మూసేవాడు, ఆ తర్వాత మిగతావాళ్లు. పొడుగు కర్ర పట్టుకున్నవాణ్ణి అందరికంటే చివర అతికించాలి. ముందే పెడితే మిగతావాళ్లను దించేటప్పుడు చెయ్యి తగిలి ఆ కర్రే వంగుతుంది.