షాడ్‌సీఎన్ యూఐ: కోడ్‌ను మన చేతికే అప్పగించే కాంపోనెంట్ లైబ్రరీ

రియాక్ట్ అనే జావాస్క్రిప్ట్ లైబ్రరీతో వెబ్ ఇంటర్‌ఫేస్‌లు నిర్మించేవారికి బటన్లు, డైలాగ్‌ల వంటి సిద్ధమైన భాగాలను (కాంపోనెంట్లను) అందించే లైబ్రరీల కొదవ లేదు. అయితే 2023లో వెలువడిన షాడ్‌సీఎన్ యూఐ దారి వేరు. మెటీరియల్ యూఐ వంటి వాటిని ప్యాకేజీగా ఇన్‌స్టాల్ చేసుకున్నప్పుడు వాటి కోడ్, బయటి ప్యాకేజీలు చేరే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లోనే ఉండిపోతుంది. దాన్ని వాడుకోగలమే గాని నేరుగా దిద్దుకోలేము. షాడ్‌సీఎన్ మాత్రం మనం అడిగిన కాంపోనెంట్ సోర్స్ ఫైలును ప్రాజెక్టులోకి కాపీ చేసి పక్కకు తప్పుకుంటుంది. దీనిది ఎంఐటీ ఓపెన్ సోర్స్ లైసెన్సు కనుక ఆ ఫైలును ఎలా మార్చుకున్నా అభ్యంతరం ఉండదు.

ఇన్‌స్టలేషన్ సులభమే. ఇనిట్ కమాండ్ నడిపితే సెట్టింగుల కోసం ఒక జేసన్ ఫైలు, క్లాసు పేర్లను కలిపే చిన్న ఫంక్షన్, రంగుల కోసం సీఎస్ఎస్ వేరియబుల్స్ సిద్ధమవుతాయి. ఆపైన యాడ్ కమాండ్‌తో కావలసినవి ఒక్కొక్కటే తెచ్చుకోవచ్చు. సిద్ధంగా ఉన్న క్లాసు పేర్లతో స్టైళ్లు ఇచ్చే సీఎస్ఎస్ ఫ్రేమ్‌వర్క్ టెయిల్‌విండ్ మాత్రం తప్పనిసరి. విట్ (Vite) అనే బిల్డ్ సాధనంతో మొదలుపెట్టిన ప్రాజెక్టులో ఇంపోర్ట్ మారుపేర్లను (ఫోల్డర్ల దారులకు పెట్టుకునే పొట్టి పేర్లను) టైప్‌స్క్రిప్ట్ కాన్ఫిగరేషన్‌లోను, విట్ కాన్ఫిగరేషన్‌లోను ముందే రాసి ఉంచాలి.

ఈ లైబ్రరీ అసలు బలం పైకి కనిపించే అందంలో లేదు. చాలా కాంపోనెంట్ల అడుగున, రూపం జోలికి పోకుండా ప్రవర్తనను మాత్రమే చూసుకునే రాడిక్స్ యూఐ వంటి లైబ్రరీ ఉండటం వల్ల, డైలాగ్ తెరుచుకోగానే కీబోర్డ్ ఫోకస్ దాని లోపలే తిరగడం, ఎస్కేప్ నొక్కితే మూసుకోవడం, మూసుకున్నాక ఫోకస్ మళ్లీ దాన్ని తెరిచిన బటన్ మీదికే చేరడం వంటి పనులన్నీ మనం ఒక్క వరుస రాయకుండానే జరిగిపోతాయి. సొంతంగా రాసిన డైలాగ్‌లలో సాధారణంగా లోపించేవి సరిగ్గా ఇవే. రూపానికి సంబంధించిన భాగం దీనికి విడిగా, మన ఫైలులోనే ఉంటుంది: బటన్‌కు డిఫాల్ట్, అవుట్‌లైన్, గోస్ట్ వంటి రకాలు ఒకేచోట జాబితాగా ఉంటాయి కనుక, మన డిజైనుకు కావలసిన కొత్త రకాన్ని చేర్చడానికి ఆ జాబితాలో మరొక పద్దు రాస్తే సరిపోతుంది. ప్యాకేజీ లైబ్రరీలలో ఇదే పనికి స్టైళ్లను బయటినుంచి బలవంతంగా రుద్దవలసి వస్తుంది. ఆ కుస్తీ పట్టినవారికి ఈ సౌకర్యం విలువ తెలుస్తుంది.

ఈ స్వేచ్ఛకు మూల్యం అప్‌డేట్ల దగ్గర చెల్లించాలి. రియాక్ట్ 19, టెయిల్‌విండ్ 4 వచ్చినప్పుడు ఈ కాంపోనెంట్లను తిరగరాశారు: రియాక్ట్ 19లో అవసరం లేకుండా పోయిన ఫార్వర్డ్‌రెఫ్ అనే ఫంక్షన్‌ను తొలగించారు, రంగులను రాసే పద్ధతిని హెచ్ఎస్ఎల్ నుంచి ఓకేఎల్‌సీహెచ్‌కు మార్చారు. అప్పటికే ఫైళ్లను దిద్దుకున్నవారికి ఈ మార్పులను చేతితో కలుపుకోవలసిన పని పడింది. ఓవర్‌రైట్ ఎంపికతో మళ్లీ తెచ్చుకుంటే మన సవరణలు తుడిచిపెట్టుకుపోతాయి. అందువల్ల తెచ్చిన ఫైలును ముందు యథాతథంగా, కోడ్ మార్పుల చరిత్రను దాచే గిట్‌లో కమిట్ చేసి (నమోదు చేసి), మన మార్పులను ఆ తరువాత వేరే కమిట్‌గా చేర్చడం మంచిది. వీలైతే అసలు ఫైలును ముట్టుకోకుండా, దాన్ని చుట్టుకునే సొంత కాంపోనెంట్ రాసుకోవడం ఇంకా మేలు.

మన కాంపోనెంట్లను ఇతరులకు పంచేందుకు సొంత రిజిస్ట్రీ కట్టుకునే ఏర్పాటు కూడా ఉంది. జాబితాను ఒక జేసన్ ఫైలులో రాసి బిల్డ్ చేస్తే ఒక్కొక్క కాంపోనెంట్‌కు ఒక జేసన్ తయారవుతుంది. దాని యూఆర్ఎల్ ఇచ్చి ఎవరైనా యాడ్ చేసుకోవచ్చు. ఏర్పాటు చక్కనిదే గాని, ఇక్కడా పంపిణీ అయ్యేది కాపీయే. మూలంలో సరిదిద్దిన లోపం అప్పటికే కాపీ తీసుకున్న ప్రాజెక్టులకు దానంతట అది చేరదు. ఒకే ఉత్పత్తిని నిర్మించే చిన్న బృందానికి ఇది పెద్ద చిక్కు కాదు. అనేక అప్లికేషన్లకు ఒకే రూపం ఉండాలనుకునే సంస్థ మాత్రం ఈ ఫైళ్లను మోనోరెపోలోని (పలు ప్రాజెక్టుల కోడ్‌ను ఒకేచోట ఉంచే రిపోజిటరీలోని) ఒక ఉమ్మడి ప్యాకేజీలో ఉంచి, అప్లికేషన్లన్నీ అక్కడినుంచే ఇంపోర్ట్ చేసుకునేలా చూసుకోవాలి. షాడ్‌సీఎన్ కమాండ్ ఆ అమరికను కూడా గుర్తించి, ఫైళ్లను ఆ ప్యాకేజీలోనే చేరుస్తుంది.