గుండెవేగం చూపే బ్యాండ్: ఓ శాకాహారి నాలుగేళ్ల వాడకం

ఫిట్‌నెస్ బ్యాండ్ కొనాలా వద్దా అని అడిగేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. క్యాలరీలు, నిద్రకు వేసే మార్కుల కోసమైతే వద్దు. ఏ హడావుడీ లేనప్పుడు గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోందో నెలల తరబడి గుర్తుపెట్టుకుని చూపిస్తుంది కదా, ఆ ఒక్కదాని కోసం కొనుక్కోవచ్చు. నాలుగేళ్లుగా నా ఎడమ చేతికే ఉంటోంది. తగులుతున్నాయని గాజులన్నీ కుడిచేతికి మార్చాను.

నేను కోవూరు దగ్గర రైస్‌మిల్లులో లెక్కలు చూస్తాను. పొద్దున కుర్చీలో కూర్చుంటే సాయంత్రం దాకా అదే కుర్చీ. పుట్టినప్పటి నుంచి శాకాహారమే, గుడ్డు కూడా ముట్టం. చేపల పులుసుకు పేరుపడ్డ నెల్లూరులో "మీకేమమ్మా, కూరగాయలు తింటారు, గుండెకు ఢోకా లేదు" అనేవాళ్లే ఎక్కువ. బ్యాండ్‌లో మాత్రం రోజూ 88, 90 కనిపించేది. పెద్దవాళ్లకు 60 నుంచి 100 దాకా మామూలే కాబట్టి ఆ అంకెకు భయపడక్కర్లేదు. కానీ మేడ మెట్లెక్కితే ఆయాసం, మధ్యాహ్నానికే నీరసం. ఈ రెండూ, ఆ అంకె కలిపి చెప్పాక డాక్టరుగారు రక్తపరీక్ష రాశారు. రక్తంలో ఆక్సిజన్‌ను మోసే హిమోగ్లోబిన్ ఆడవాళ్లకు కనీసం 12 ఉండాలి, నాకు 10 దగ్గర ఉంది. రక్తం తయారీకి కావాల్సిన బి12 విటమిన్ కూడా తక్కువ. థైరాయిడ్ బాగానే ఉంది.

శాకాహారులు ముఖ్యంగా పట్టించుకోవాల్సింది ఇదే. రక్తం ఆక్సిజన్‌ను సరిగా మోయలేకపోతే, ఆ లోటు తీర్చడానికి గుండె ఎక్కువసార్లు కొట్టుకోవాల్సి వస్తుంది. హిమోగ్లోబిన్‌కు కావాల్సిన ఇనుము తోటకూరలో, పప్పుల్లో, నువ్వుల్లో ఉన్నా, మాంసంలోని ఇనుమంత సులువుగా ఒంటికి పట్టదు. అన్నం తినగానే టీ తాగితే ఆ పట్టేది కూడా తగ్గిపోతుంది. నిమ్మరసం, ఉసిరి, జామ లాంటివి తోడుంటే బాగా పడుతుంది. బి12 అయితే మొక్కల నుంచి వచ్చే తిండిలో ఉండదు. మాలాంటివాళ్లకు పాలు, పెరుగే ఆధారం, అవి చాలకపోతే మాత్రలు. షుగరుకు మెట్‌ఫార్మిన్ ఏళ్ల తరబడి వేసుకునేవాళ్లకు బి12 ఇంకా తగ్గొచ్చు, వాళ్లు తప్పకుండా పరీక్ష చేయించుకోవాలి.

డాక్టరుగారు ఇచ్చిన మందులతో పాటు వంటింట్లో నేను మార్చినవి చిన్నవే. భోజనానికీ టీకీ మధ్య గంటకు పైగా ఎడం. ఆకుకూర పప్పు మీద పొదలకూరు నిమ్మకాయ పిండటం. రాత్రి అన్నం తగ్గించి, ఎనిమిదిలోపే తినేయడం. రెండు మూడు నెలలకు అంకె 80కి దిగింది. అప్పటికి నేను నడక మొదలుపెట్టనే లేదు. అందుకే దీన్ని రక్తం కోలుకున్న ఫలితంగానే చూస్తాను. శాకాహారం అన్నంతమాత్రాన గుండెవేగం తగ్గదండీ. మూడు పూటలా తెల్లన్నం, వేపుడు, ఆవకాయ తిన్నా అదీ శాకాహారమే.

తర్వాతి తగ్గుదల నడకది. స్వర్ణాల చెరువు వైపు పొద్దున్నే వెళ్తాను, మాట్లాడగలిగినా పాట పాడలేనంత వేగంతో. వారానికి కనీసం 150 నిమిషాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. రొట్టెల పండుగ రోజుల్లో అక్కడ కాలు పెట్టే చోటుండదు, అప్పుడు ఏసీ సుబ్బారెడ్డి స్టేడియమే గతి. నడక అలవాటైన గుండె ఒక్కో దెబ్బకు ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి తక్కువసార్లు కొట్టుకుంటే సరిపోతుంది. ఇది ఓపిగ్గా చూడాల్సిన మార్పు. మొదటి నెల ఏమీ కనిపించలేదు. ఏడాది తిరిగేసరికి 70 దగ్గర నిలబడింది, ఇప్పుడు 68, 70 మధ్య ఉంటోంది. నడక మానేస్తే కొన్ని వారాల్లోనే మళ్లీ ఎక్కుతుంది, అమ్మాయి పెళ్లి పనుల్లో అది స్పష్టంగా చూశాను.

రోహిణి కార్తెలో నాలుగైదు పెరగడం ఏటా ఉన్నదే. ఎండకు ఒంట్లో నీరు తగ్గితే గుండెకు పని ఎక్కువ. మజ్జిగ, నీళ్లు సరిగా తాగిన రోజున తేడా తెలుస్తుంది. నీళ్లు కూడా ముట్టకుండా ఏకాదశి ఉండటం వేసవిలో మానేశాను, పాలు, పళ్లు తీసుకుంటున్నాను. జ్వరం వచ్చే ముందు రోజే అంకె పైకి పోవడం ఒకటికి రెండుసార్లు గమనించాను.

ఇక వస్తువు సంగతి. అడుగున వెలిగే ఆకుపచ్చ లైటు చర్మం కింద రక్తం కదలికను పట్టుకుంటుంది. మణికట్టు ఎముకకు కాస్త పైన, కదలకుండా కట్టుకోవాలి. కూర్చున్నప్పుడు వేళ్లతో నాడి పట్టి లెక్కపెడితే ఒకటి రెండు తేడాతో సరిపోయింది. వేగంగా నడిచేటప్పుడు మాత్రం నమ్మలేం. ఛార్జింగు మొదట్లో రెండు వారాలు వచ్చేది, ఇప్పుడు వారం. రబ్బరు పట్టీ ఒకసారి తెగింది, విడిగా దొరికింది.

మా అత్తయ్యకు కూడా కట్టి చూశాం. 58 చూపించింది. ఆమె బీపీకి మెటోప్రొలాల్ వేసుకుంటారు, ఆ మాత్రే గుండెవేగాన్ని తగ్గిస్తుంది. కాబట్టి ఆ అంకె చూసి గుండె గట్టిగా ఉందని అనుకోవడానికి లేదు. అలాంటి మాత్రలు వాడేవాళ్లకు ఎంత ఉండాలో వాళ్ల డాక్టరే చెప్పాలి. కళ్లు తిరిగినా, గుండె దడదడలాడినా బ్యాండ్ వైపు చూస్తూ కూర్చోకూడదు. ఆమెకు బ్యాండ్ బదులు చేతికి పట్టీ చుట్టే బీపీ మిషన్ కొనిచ్చాం, అదే ఎక్కువ పనికొస్తోంది.